బావ ఎప్పుడూ లేటే

నా చేతిలో తాళం తప్పడం చూసిన మనిషి ఇంకా పుట్టలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాట. నలభై ఏళ్ళు డ్రమ్స్ వాయించాను. మా సాధన గదికి ఎదురుగా ఉన్న బట్టల కొట్టాయన తన గోడ గడియారాన్ని నన్ను విని దిద్దుకునేవాడు, మా మెట్ల కింద పడుకునే కుక్క ఏడడుగులకోసారి తోక ఊపేది, ఎనిమిదో అడుగు వేయాల్సి వస్తే నిలబడి ఆలోచనలో పడేది. అలాంటి నన్ను పట్టుకుని ఇందాక, ఈ అద్దానికి అవతల కూర్చున్న సౌండమ్మాయి, నా మనవరాలంత పిల్ల, హెడ్‌ఫోన్లలో మహా మర్యాదగా అడిగింది, అంకుల్, ప్రతి మలుపు తర్వాతా చిన్న ఖాళీ వస్తోంది, కావాలనే వదులుతున్నారా అని. ఖాళీయా, అన్నాను. అవునంకుల్, మలుపు అయిపోయాక ఒకటి మీద పడాల్సిన దెబ్బ రెప్పపాటు ఆలస్యంగా పడుతోంది, ముగ్గురూ కలిసే ఆలస్యమవుతున్నారు కాబట్టి తప్పులా లేదు, గుమ్మం దగ్గర ముగ్గురూ ఎవరికోసమో ఆగినట్టుంది, అంది. ఆ మాటకి గిటారు వాయించే పళ్ళ డాక్టరు తల వంచుకున్నాడు. కీబోర్డుల ముందున్న మౌనస్వామి కళ్ళు మూసుకున్నాడు. నేను గొంతు సవరించుకుని, అది మా బావ జాగా తల్లీ, ఆయన ఎప్పుడూ లేటే, నలభై ఏళ్ళు ఆయనకోసం అక్కడ ఆగిన చెయ్యి ఇది, ఇప్పుడు ఆగొద్దంటే వింటుందా, అన్నాను. అన్నాక నా మాటకి నేనే కదిలిపోయాను. అంత బాగా వచ్చింది.

మలుపంటే మరేం లేదు, ఒక చరణం అయ్యి మళ్ళీ పాట అందుకునే ముందు, కొండమీంచి బస్తా దొర్లించినట్టు డ్రమ్ములన్నిటి మీదా నేను వాయించే దొర్లుడు. బస్తా కింద పడే చోటే ఒకటి, అంటే లెక్క మళ్ళీ మొదలయ్యే దెబ్బ. ఆ ఒకటి మీద నా దెబ్బా బావ గొంతూ కలిసి పడాలి. మా పాటల్లో అలాంటి మలుపులు లెక్కలేనన్ని, ఎందుకంటే మా పాటలు పొడుగు. మాది ప్రోగ్రెసివ్ రాక్, అంటే రాక్ సంగీతమే, కాకపోతే ఇల్లు ఎదురుగా కనపడుతున్నా చుట్టుదారిన పోయే రకం. మన పాట మొదలయ్యాక బయటికెళ్ళి క్షవరం చేయించుకుని వచ్చినా డాక్టరు ఇంకా మొదటి ముడి విప్పుతూనే ఉంటాడని బావే అనేవాడు. లోకమంతా నాలుగేసి లెక్కన చప్పట్లు కొడుతుంటే మేము ఏడేసి, పదకొండేసి లెక్కన వాయించాం. అందుకే మా కచేరీల్లో జనం చప్పట్లు కలపలేక చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు, దూరంనుంచి చూసేవాళ్ళకి అది భక్తిలా కనపడేది.

ఇది బావ పోయాక మేం చేస్తున్న మొదటి ఆల్బం. ఇదే చివరిదని కూడా అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు. ఏడు పాటలు గొంతు బాగున్న రోజుల్లో పాడి పెట్టేశాడు. ఎనిమిదోది, అన్నిటికన్నా పెద్దది, ఆ ఏడూ నడిచి నడిచి చివరికి చేరాల్సిన ఇల్లు లాంటిది, అది మాత్రం పాడకుండా వెళ్ళిపోయాడు. ఎవరైనా కుర్రగాయకుడిని పిలుద్దామని డాక్టరు అన్నాడు. మాటలు రాసింది మా అక్క. బావ భార్య. ఇంకొకడు పాడితే నా మాటలు నేను పట్టుకుపోతాను అంది. అన్నిటికీ ఆవిడే రాసింది, పట్టుకుపోతే మాకు మిగిలేది అట్ట. చివరికి డాక్టరే ఫోన్లో బతిమాలాడు, గొంతు లేకుండా వాయిద్యాలతోనే చేస్తాం అమ్మా, ఒక్కసారి వచ్చి నీ ఎదురుగా వాయిస్తుంటే విను, వద్దంటే ఆల్బమే కట్టిపెడతాం అని. వస్తానంది. ఒక్క షరతు పెట్టింది. మా తమ్ముడు నాతో మాట్లాడకూడదు. డాక్టరు పళ్ళు పీకేవాడు కదా, నొప్పి తెలియకుండా చెప్పడం వచ్చు. నాకు చెప్పేటప్పుడు ముందు భోజనం అయిందా అని అడిగాడు. ఇంకో గంటలో వస్తుంది అక్క. నలభై ఏళ్ళ పని ఉంటుందో ఊడుతుందో ఆవిడ తల ఊపడంలో ఉంది, నన్నేమో నోరు కట్టుకోమన్నారు, నేనా, నిద్రలో కూడా కోతలు కోసేవాణ్ణి.

ఈ స్టూడియో ఒకప్పుడు సబ్బుల గోదాము. వాన పడితే గోడలు ఇప్పటికీ వాసన వేస్తాయి, ఉతికిన బట్టల వాసన కాదు, ఎవరూ ముట్టుకోని కొత్త సబ్బుది, కాగితం విప్పగానే వచ్చేది. ఇవాళ వాన. ఇక్కడ పాడితే తప్పులు వాటంతటవే ఉతికి ఆరేసుకుంటాయి బావమరిదీ, అనేవాడు బావ. గోడలకి అంటించిన స్పాంజి ముసలిదైపోయి పొడి రాలుతోంది, నా ఇత్తడి సింబల్ మీద బూడిదలా పడుతోంది, ఊదితే లేస్తుంది, మళ్ళీ పడుతుంది. మూల బావ మైకు స్టాండు అలాగే ఉంది. సౌండమ్మాయి దానికి తన తడిగొడుగు తగిలించింది, తెలియక.  గొడుగు కొసనుంచి చినుకులు నేలమీద పడుతున్నాయి, నేను లెక్కపెడుతున్నాను, ఏడు పడ్డాక మళ్ళీ ఒకటి, ఏడు పడ్డాక మళ్ళీ ఒకటి. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. నా సంగీతమంతా అక్కడిదే, పల్లెటూరి బడి, ఒకే గదిలో అన్ని తరగతులూ, ఎక్కాలు బల్లమీద కొడుతూ పాడాలి. నాకు ఏడు ఆర్లు దగ్గర ఎప్పుడూ కాలు జారేది. ఏడైదులు ముప్పై ఐదు దాకా గుర్రంలా వచ్చి ఏడు ఆర్లు అనగానే గోడ. సరిగ్గా అప్పుడు వెనక బెంచీలోంచి అక్క దగ్గేది. పొడిదగ్గు కాదు, ఊపిరితిత్తులు ఒళ్ళో పడేలా. మేష్టారు అటు తిరిగి నీళ్ళు తాగవే అనేలోపు నాకు నలభై రెండు తోచేది. ఆ దగ్గుకి మా అమ్మ ఎన్ని కషాయాలు పోసిందో అక్కకి. ఒక్కటీ పనిచెయ్యలేదు. ఎనిమిదో ఎక్కం రాగానే దానంతటదే తగ్గింది.

కషాయం తాగేటప్పుడు అక్క ముఖం. బావ చివరి రోజుల్లో మందు తాగేటప్పుడు పెట్టిన ముఖమూ అదే, ఇద్దరూ ఇన్నేళ్ళు కలిసుండి ఒకరి చేదు ఒకరు నేర్చుకున్నారేమో. వాళ్ళిద్దరినీ కలిపింది నేనే అని చెప్పుకుంటాను, అదీ పూర్తిగా అబద్ధం కాదు. బావ బస్సుస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పే ఉద్యోగం చేసేవాడు. ఆ గొంతు వినడానికి బస్సు ఎక్కాల్సిన పని లేనివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు, ఒకాయన వింటూ వింటూ తన బస్సు వెళ్ళిపోతే తర్వాతి బస్సు వివరాల కోసం మళ్ళీ కూర్చుని, అలా మూడు రోజులు ఉండిపోయాడు. నేనే వెళ్ళి మా బ్యాండులో పాడతావా అన్నాను. మా మేడమీద గదికి వచ్చి పాడాడు, మాటలు లేవు, లాలలా అని. కింద వంటింట్లోంచి అక్క పైకి వచ్చి, ఇంత గొంతు పెట్టుకుని లాలలా ఏమిటి, పసిపిల్లకి అన్నం పెడుతున్నారా, అంది. మరి మీరు చెప్పండి, అన్నాడు. చెప్పింది. అప్పట్నుంచీ ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన పాడుతూనే ఉన్నాడు. మొన్నమొన్నటిదాకా.

పాడటంలో ఒక్కటే లోపం. లేటు. మలుపు దొర్లి వస్తుంది, హాలంతా బిగుసుకుంటుంది, బావ మైకులో పెద్దగా ఊపిరి తీసుకుంటాడు, అందరికీ వినపడేలా, ఆ తర్వాత, ఒక రెప్పపాటు, ఏమీ ఉండదు. ఏమీ లేని ఆ చోట హాలు హాలంతా ఆయనతోపాటు ఊపిరి బిగబట్టేది. తర్వాత గొంతు. జనం దానికే వచ్చేవాళ్ళు. పాటలు మరిచిపోయినవాళ్ళు కూడా ఆ ఊపిరి గుర్తుపెట్టుకున్నారు, సముద్రం వెనక్కి తగ్గినట్టుంటుందని ఎవరో పత్రికలో రాశారు. నేను మాత్రం కచేరీ అవ్వగానే మొదలెట్టేవాణ్ణి. "బస్సుల వేళలు చెప్పేవాడివి, పాటకి మాత్రం వేళ తెలియదేం బావా? ఇవాళ కూడా నీకోసం ఆగి ఆగి నా కర్రలకి వేళ్ళు మొలిచాయి." బావ నవ్వేవాడు. "నువ్వున్నావు కదా ఆగడానికి" అనేవాడు. పెళ్ళిళ్ళలో చెప్పాను, పేరంటాల్లో చెప్పాను, రేడియోవాళ్ళు అడిగితే చెప్పాను, బావ ఎప్పుడూ లేటే, నేను పట్టుకు లాగకపోతే ఈ బ్యాండు ఎప్పుడో పట్టాలు తప్పేది అని. బావ పక్కనే కూర్చుని తల ఊపేవాడు, అవునండీ, మా బావమరిది లేకపోతే ఎలాగండీ అని. అక్క నవ్వేది కాదు. అక్కకి హాస్యం తక్కువ అనుకున్నాను.

చినుకులు ఆగాయి, గొడుగు ఖాళీ అయింది. ఆసుపత్రిలో సీసాలోంచి పడే చుక్కలు కూడా నేను లెక్కపెట్టాను, అవి ఏడుకి ఒప్పుకోలేదు, వాటి దారి వాటిదే. గొంతుకి ఆపరేషన్ అయ్యాక బావకి మాట లేదు. నేను వెళ్ళి మంచం పక్కన కూర్చుని కోతలు కోసేవాణ్ణి, ఆయన కళ్ళతో వినేవాడు. ఒక మధ్యాహ్నం నాకూ మాటలు అయిపోయాయి. ఊరికే మంచం కమ్మీ మీద వేళ్ళతో కొట్టాను, ఎనిమిదో పాట. ఆయన అవతలి కమ్మీ మీద ఒక్క వేలితో అందుకున్నాడు. ఇద్దరం ఆ పాట కమ్మీల మీద వాయించుకుంటూ పోయాం, మలుపు వచ్చింది, నేను దొర్లించాను, ఆయన వేలు గాల్లోకి లేచి, ఆగింది. నా ముఖంలోకి చూస్తూ ఆగింది. కనుబొమ్మలు కొంచెం ఎత్తాడు. నేను నా దెబ్బ వేశాక అప్పుడు దించాడు. "ఇక్కడ కూడా లేటేనా బావా" అన్నాను. ఆయన భుజాలు కదిలాయి, గొంతు లేని నవ్వు. అక్క కిటికీ దగ్గర దుప్పటి మడత పెడుతోంది, మడత పెట్టిందే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

ఆ తర్వాత పువ్వుల మధ్య పడుకోబెట్టిన రోజు. ఆ గదిలో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు, ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియదు, ఎప్పుడూ నేనే కదా తేలిక చేసేది, అందరూ నావైపే చూస్తున్నట్టనిపించింది. ఎవరూ చూడలేదేమో. అన్నాను. జీవితమంతా లేటుగా వచ్చిన మనిషి దీనికి మాత్రం ముందే వెళ్ళిపోయాడు, అన్నాను. ఇద్దరు ముగ్గురు తడికళ్ళతో నవ్వారు కూడా. అక్క తలెత్తి నన్ను చూసింది. ఏడు ఆర్లు దగ్గర మేష్టారు కూడా అలా చూడలేదు. చూసి, కుర్చీ అటు తిప్పుకుంది. కుర్చీ కాలు నేలమీద గీసిన చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి ఫోన్ చేస్తే ఎత్తదు, వెళితే తలుపు తీసి కాఫీ పెట్టి లోపలికి పోతుంది. కాఫీలో పంచదార సరిగ్గానే ఉంటుంది, అదే ఎక్కువ బాధ. ఒక మాట అంత గుచ్చుకుంటుందా, అందరూ నవ్వారే, బావ ఉంటే ముందు బావే నవ్వేవాడే అని ఇన్నాళ్ళూ నాలో నేను వాదించుకున్నాను.

"అంకుల్, ఆంటీ వచ్చేదాకా ఖాళీయే కదా. మీ మొదటి రికార్డు టేపులు కంప్యూటర్లోకి ఎక్కించాను. సింగర్ అంకుల్ గొంతు ఒక్కటే వినిపించనా? ఆయన ఎంత లేటో చూసుకుంటే ఈ పాటలో ఖాళీ కూడా అంతే ఉంచొచ్చు." హెడ్‌ఫోన్లలో సౌండమ్మాయి. వినిపించు తల్లీ, అన్నాను, కొలుచుకో, అన్నాను ఉదారంగా. మొదట గది హోరు వచ్చింది, ఈ గదే, నలభై ఏళ్ళ కిందటి సబ్బువాసన కూడా వచ్చిందంటే మీరు నమ్మరు. తర్వాత టక్, టక్, టక్. ఏమిటది అనుకున్నాను. బావ చెప్పు మడమ. పాడేటప్పుడు మడమతో నేలమీద తాళం వేసుకునేవాడు, తోలుచెప్పులు, మిగతా వాయిద్యాల హోరులో ఎవరికీ ఎప్పుడూ వినపడలేదు. చరణం పాడాడు. ఎంత పడుచు గొంతు. చరణం అయింది, మడమ నడుస్తూనే ఉంది. ఆయన చెవులకున్న హెడ్‌ఫోన్లలోంచి కారి నా మలుపు సన్నగా వినపడింది, దూరంగా దోమల పెళ్ళిలా, దొర్లుతోంది, దొర్లుతోంది. ఊపిరి. ఆ పెద్ద ఊపిరి. వెంటనే మడమ, టక్, ఒకటి. గొంతు లేదు. నా దెబ్బ కూడా లేదు. నిశ్శబ్దం. అప్పుడు దోమల ఊళ్ళోంచి నా దెబ్బ, టప్. దానిమీద ఆయన గొంతు.

మళ్ళీ వెయ్యి, అన్నాను. మళ్ళీ వేసింది. ఊపిరి, మడమ, నిశ్శబ్దం, నేను, గొంతు. రెండో మలుపు. ఊపిరి, మడమ, నిశ్శబ్దం, నేను, గొంతు. ఇంకో పాట వెయ్యి. ఇంకోటి. మడమ ఎక్కడా తప్పలేదు, మలుపులకి ముందూ వెనకా గడియారంలా పోతోంది. ఊపిరి ఎప్పుడూ వేళకే. మలుపు దొర్లించి ఒకటికి ఒక వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతున్నది నేను. నేను ఆగుతున్నట్టు జనానికి తెలియకుండా ఊపిరి పెద్దగా తీసుకుని, బిగబట్టి, ఆ ఆలస్యాన్ని తనమీద వేసుకుని, నేను చేరాక చెయ్యి పట్టుకుని గుమ్మం దాటినట్టు నాతో కలిసి పడుతున్నాడు. ఒక మలుపులో, ఊపిరి బిగబట్టి ఉండగా, ముక్కుతో చిన్నగా నవ్వాడు. నేను ఎక్కువ లేటయ్యానేమో.

హెడ్‌ఫోన్లు తీసేశాను. డాక్టరు ఏమైందన్నట్టు చూశాడు, అతనికీ ఇప్పుడే తెలిసినట్టుంది, అతనెప్పుడూ గిటారులోకి తప్ప ఎక్కడికీ చూడడు. మౌనస్వామి మాత్రం కళ్ళు తెరిచి, నోరు కూడా తెరిచాడు, ఆయనకి ఆ రెండూ ఒకే రోజు జరగడం అరుదు.

"విన్నావా?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"నీ పక్కనే కదా వాయించేది."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

కాబట్టి, పైన మొదటి వాక్యంలో నేనేం చెప్పానో అది మీరు కొట్టేసుకోవచ్చు. నా తాళం తప్పడం చూసిన మనిషి పుట్టాడు, నా పక్కనే నిలబడ్డాడు, మా అక్కని చేసుకున్నాడు. బట్టల కొట్టాయన గడియారం కూడా ఎప్పుడూ కొంచెం వెనకే నడిచేదని ఇప్పుడు గుర్తొస్తోంది, పాపం ఆయన దాన్ని బాగుచేయించి బాగుచేయించి అలిసిపోయాడు. నవ్వొస్తోంది నాకు, ఇంత పెద్ద బడాయి ఇంత చిన్న టక్కుకి పేలిపోయినందుకు. నవ్వుతూనే ఉన్నాను, కానీ మంచం కమ్మీ మీద లేచి ఆగిన వేలు కూడా కనపడుతోంది. మాట పోయింది, గొంతు పోయింది, ఇంక దాచి మాత్రం ఏం చేసుకుంటాడు, అయినా వేలు దించలేదు. కనుబొమ్మలెత్తి, రా, వచ్చెయ్, నేనున్నాను, అన్నట్టు చూశాడు. నేనేమో ఇక్కడ కూడా లేటేనా అన్నాను. పువ్వుల పక్కన నిలబడి ఇంకోసారి అన్నాను. ఎన్ని ఊళ్ళలో, ఎన్ని వేదికల మీద, ఎన్ని పెళ్ళిపందిళ్ళలో అన్నాను. ఒక్కసారి, ఒక్కసారి ఆయన ఛీ వెధవా, లేటు నువ్వురా అని ఉంటే బాగుండేది. అనకుండా వెళ్ళిపోయాడు, ఇప్పుడు నేను ఎవరికి చెప్పను, తెలిసింది బావా అని. చెప్పాల్సిన మాట చేతిలో పట్టుకుని నిలబడ్డాను, వినాల్సినవాడి మైకు స్టాండుకి ఎవరిదో గొడుగు వేలాడుతోంది.

అవతలి తలుపు తెరుచుకుంది. అక్క. చేతిసంచీ, తడిసిన చెప్పులు, కళ్ళజోడు మీద వాన. జోడు తీసి కొంగుతో తుడుచుకుంది, పెట్టుకుంది, అద్దంలోంచి మా ముగ్గురినీ చూసింది, నా దగ్గర ఆగకుండా. సౌండమ్మాయి కుర్చీ వేసింది. డాక్టరు అటు పరుగెత్తి ఏదో చెబుతున్నాడు, అద్దం ఇవతలికి ఏమీ వినపడదు, పెదాలు కదలడమే. అక్క చెయ్యెత్తింది, చాల్లే వాయించండి అన్నట్టు. డాక్టరు తిరిగొచ్చి గిటారు తగిలించుకున్నాడు. సౌండమ్మాయి ఈలోపు నా చెవిలో మెల్లగా, "అంకుల్, ఈసారి కూడా ఖాళీ వస్తే తర్వాత కంప్యూటర్లో దగ్గరికి జరిపేస్తాను, ఎవరికీ తెలియదు, కంగారు పడకండి" అంది. వద్దు తల్లీ, అన్నాను. ఈసారి రాదు. నలభై ఏళ్ళలో మొదటిసారి ఒకటి మీద ఒకటికే పడతాను. బావకి నేను ఇవ్వగలిగింది ఇంకేముంది, ఆయన ఊపిరి బిగబట్టక్కర్లేని ఒక్క మలుపు.

రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. మొదలెట్టాం. మౌనస్వామి కాలిమీటలు తొక్కుతూ నేలలోంచి లాగుతున్నట్టు కిందిస్వరాలు, డాక్టరు ముడి విప్పుతున్నాడు, తొందర లేదు, మాకు ఎప్పుడూ లేదు. పాట తన చుట్టుదారిన పోతోంది. గొంతు ఉండాల్సిన చోట గొంతు లేదు, అక్క పెదాలు మాత్రం కదులుతున్నాయి, తన మాటలు తను చెప్పుకుంటోంది. నేను మడమ వింటున్నాను, నా తలలో, టక్, టక్, తోలుచెప్పు. మలుపు వచ్చింది. దొర్లించాను, బస్తా కొండమీంచి దిగుతోంది, ఇప్పుడు, ఏడు నాలుగులు, ఏడైదులు, ఇప్పుడు పడాలి, ఏడు ఆర్లు, మడమ టక్ అంది, చెయ్యి గాల్లో ఉంది, దించు, దించరా, గుమ్మం ఎదురుగా ఉంది, అవతల ఎవరూ లేరు. అప్పుడు వినపడింది. ఊపిరి. పెద్దగా, గదంతా నిండేలా, సముద్రం వెనక్కి తగ్గినట్టు. అక్కది. అద్దం అవతల సౌండమ్మాయి మాతో మాట్లాడే మీట మీద ఆవిడ మోచెయ్యి ఆనిందేమో, ఆవిడ తీసుకున్న ఊపిరి మా గదిలోకి వచ్చేసింది, మైకులన్నీ పట్టేశాయి. బిగబట్టింది. నా చెయ్యి దిగింది.

పాట పూర్తయ్యాక సింబల్ మోత ఆరిపోయేదాకా ఎవరూ కదలకూడదు. కదల్లేదు. దీపం ఆరింది. అక్క వంగి మీట నొక్కింది.

"లేటు" అంది.

నేను నోరు తెరిచాను.

"మాట్లాడొద్దన్నానా లేదా? విను. చిన్నప్పుడు నేను దగ్గి చచ్చాను. తర్వాత ఆయన ఊపిరి బిగబట్టాడు. నీ ఒక్క ఒకటి కోసం ఇంట్లో ఇద్దరం. చెప్పెయ్యండి వాడికి, ఊళ్ళమ్మట మిమ్మల్నే ఆడిపోసుకుంటున్నాడు అంటే, ఏమనేవారో తెలుసా? చెబితే వాడి చెయ్యి వణుకుతుందే, వణికే చెయ్యి కన్నా ఆలస్యం చెయ్యి నయం, నాకేం, ఊపిరే కదా, అనేవారు." ఆగింది. మీట నొక్కిన వేలు తెల్లబడింది. "ఆ రోజు ఆయన పక్కన నిలబడి నువ్వు ఆ మాట అంటే, ఊపిరి లేని మనిషిని, నాకెలా ఉంటుంది రా?"

తల వంచుకున్నాను.  ఏది పడితే అది అనకుండా నన్ను ఎప్పుడూ ఎవరూ ఆపలేదు, అక్కడే వచ్చింది చిక్కంతా. ఆవిడ సౌండమ్మాయి వైపు తిరిగింది, కానీ మీట వదల్లేదు, నాకు వినపడాలనే. "ఆ ఖాళీ ముట్టుకోకమ్మా. అలాగే ఉండనీ. మాటలు అట్టమీద వేయించండి, పాడుకోవాలనుకున్నవాళ్ళు ఎవరి గొంతుతో వాళ్ళు పాడుకుంటారు." తర్వాత సంచీ తీసుకుంది. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మా గదిలోకి వచ్చి, బావ స్టాండు మీంచి ఆ గొడుగు తీసి నా చేతిలో పెట్టింది. "ఎవరిదో ఇది, ఇచ్చెయ్. ఇంటికి రా. కాఫీ తాగేటప్పుడు మాట్లాడుదువు గానీ."

కొన్నాళ్ళకి ఆల్బం బయటికి వచ్చింది. చివరి పాటలో ఆ ఊపిరి ఎవరిదని చాలామంది అడిగారు, అందరికీ మా అక్కదనే చెప్పాను, మీకూ అలాగే చెప్పాను, ఎంత బాగుంది అలా ఉంటే. కానీ అక్క వెళ్ళేముందు నాకు నోరు విప్పే అనుమతి ఇచ్చింది కాబట్టి, విప్పిన నోటితో ఒక్క నిజం. ఆ ఒక్కటే నేను కల్పించింది. పాట నడుస్తున్నప్పుడు మీట పనిచెయ్యదు, అద్దం దాటి ఊపిరి కాదు కదా ఉరుము కూడా రాదు, మలుపు దగ్గర అక్క పెదాలు బిగించి కూర్చుంది, అంతే. ఆ ఊపిరి నాది. నాకు తెలియకుండానే తీసుకున్నాను, డ్రమ్ముల పైన వేలాడే మైకు పట్టుకుంది. తర్వాత సౌండమ్మాయి దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి కొలిచి, నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూస్తూ చెప్పింది, చెయ్యి ఎప్పట్లాగే లేటు అంకుల్, ఊపిరి మాత్రం వేళకే పడింది అని.